డంజియన్ మ్యాప్: గోడల కంటే ముందు దారులు గీయండి

పాచికలతో ఆడే పాత్రపోషణ ఆటల్లో ఆట నడిపేవాళ్లు గేమ్ మాస్టర్లు, ఆటగాళ్ల పాత్రలు ప్రమాదాలు దాటుతూ తిరిగే గదుల కట్టడం డంజియన్. కొత్త గేమ్ మాస్టర్లు చాలామంది గ్రాఫ్ పేపర్ తీసుకుని నేరుగా మొదటి గది గోడ గీసేస్తారు. ఆ గదికో తలుపు, తలుపు అవతల నడవా, నడవా చివర ఇంకో గది. కాగితం నిండేసరికి ఇరవై గదులు తయారవుతాయి గానీ ఆటగాళ్లు ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ఉన్నది ఒక్కటే దారి, దాని వెంట నడవడమే పని. మ్యాప్ ఎంత అందంగా ఉన్నా ఆట చప్పబడిపోతుంది. డంజియన్ బాగోగులన్నీ గదుల మధ్య దారుల్లోనే ఉంటాయి. అందుకే ఈ పద్ధతిలో గోడల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది.

ఇక్కడ ఇచ్చిన అంకెలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రపోషణ ఆట ఐదో ఎడిషన్‌వి. పాత నియమాలు తీసుకున్నచోట ఆ సంగతి చెప్పాం. మీరు వేరే ఆట ఆడుతున్నా దూరాలు, వెలుగు, బరువు లెక్కలు మార్చుకుంటే పద్ధతి అలాగే పనికొస్తుంది.

మొదటి అడుగు: ఆ కట్టడం ఎందుకు కట్టారు?

ఒక్క వాక్యంలో రాయండి: ఎవరు కట్టారు, ఏ పనికి కట్టారు, ఇప్పుడు అందులో ఎవరున్నారు. ఈ వ్యాసం పొడవునా ఒకే ఉదాహరణ తీసుకుందాం: "చనిపోయిన రాజు కొండ కింద కట్టించిన టంకశాల, ఇప్పుడు గాబ్లిన్లు (పొట్టి రాక్షసజీవులు) ఆక్రమించాయి, కొలిమిలో ఒక అగ్నిజీవి కాపురముంది."

కట్టిన పని తెలిస్తే గదులు వాటంతటవే వస్తాయి. నాణేలు కొట్టాలంటే లోహం తూచాలి, కరిగించాలి, ముద్ర వేయాలి, లెక్క రాయాలి, దాచాలి. కొలిమికి బొగ్గు కావాలి, పొగ పోవడానికి గొట్టం కావాలి. తిత్తులు ఊదడానికి నీటి చక్రం, చక్రానికి కాలువ. ఇలా ఆలోచిస్తే పన్నెండు గదుల జాబితా పది నిమిషాల్లో తేలుతుంది:

1. ముఖద్వారం
2. కావలి గది
3. తూనికల గది
4. కొలిమి
5. బొగ్గు కొట్టు
6. ముద్రల హాలు
7. నీటి చక్రం
8. కాలువ
9. పనివాళ్ల పడక గది
10. లెక్కల గది
11. ఖజానా
12. రాజు తనిఖీ గది

పన్నెండు గదులంటే చిన్నదే, కానీ మొదటి డంజియన్‌కు అదే సరైన కొలత. మూడు, నాలుగు గంటల సెషన్‌లో ఒక బృందం సాధారణంగా ఐదారు గదులు దాటుతుంది. అంటే ఇది రెండు, మూడు సెషన్ల ఆట. నలభై గదులు గీసి పెట్టుకుంటే అందులో సగం ఎవరూ చూడకుండానే పోతాయి.

రెండో అడుగు: సున్నాలు, గీతలు

మామూలు తెల్లకాగితం మీద ఒక్కో గదికి ఒక్కో సున్నా చుట్టండి. రాకపోకలున్న గదులను గీతతో కలపండి. కొలతలు వద్దు, ఆకారాలు వద్దు.

మా టంకశాలకు మొదటి చిత్తు ఇలా వస్తుంది: 1–2, 2–3, 3–4, 4–5, 4–6, 4–7, 7–8, 2–9, 6–10, 10–11, 11–12. ఇప్పుడు గీతలు లెక్కపెట్టండి. పన్నెండు గదులకు పదకొండు గీతలున్నాయి. అన్ని గదులూ కలవడానికి కావలసిన కనీస సంఖ్య అదే. అంటే ఈ మ్యాప్‌లో చుట్టుదారి, అంటే వెళ్లిన దారినే వెనక్కి రాకుండా చుట్టి వచ్చే దారి, ఒక్కటి కూడా లేదు. గదుల సంఖ్యలోంచి ఒకటి తీసేయగా వచ్చినదాని మీద ఎన్ని గీతలు ఎక్కువ ఉంటే అన్ని స్వతంత్రమైన చుట్టుదారులు ఉన్నట్టు. ఈ లెక్క ఎంత పెద్ద డంజియన్‌కైనా వర్తిస్తుంది. పన్నెండు గదులకు రెండు నుంచి నాలుగు చుట్టుదారులు బాగుంటాయి. అంతకు మించితే ప్రతి గదీ ప్రతి గదికీ తెరుచుకుని ఏ దారికీ విలువ లేకుండా పోతుంది.

ఈ చిత్తులో ఇంకో లోపముంది. కొలిమిలోంచి పోకుండా దాని అవతలి గదుల్లో దేన్నీ చేరలేం. అక్కడి అగ్నిజీవి బృందాన్ని తరిమేసిందంటే ఆట ఆగిపోతుంది. మూడు గీతలు కలుపుదాం, ప్రతిదానికీ ఒక కారణం ఉండేలా.

9–6: పనివాళ్లు పడక గది నుంచి ముద్రల హాలుకు నేరుగా వెళ్లే ఇరుకు దారి. కొలిమిని తప్పించుకోవచ్చు, కానీ నిద్రపోతున్న గాబ్లిన్ల మధ్యగా నడవాలి.

8–5: బొగ్గు పడవల మీద కాలువ గుండా వచ్చేది. బొగ్గు కొట్టుకు నీటి వైపు ఒక ఇనుప తలుపుంది, అది లోపలి నుంచే తెరుచుకుంటుంది.

3–12: తూచేవాళ్లు దొంగతనం చేస్తున్నారేమోనని రాజు చాటుగా చూసేందుకు కట్టించుకున్న రహస్య దారి.

ఒక్కో చుట్టుదారికి రెండు వైపులా తేడా ఉండటమే ఇక్కడ అసలు పని. ఒకవైపు దగ్గర, ప్రమాదం. ఇంకోవైపు దూరం, నెమ్మది. లేదా ఒకటి తాళం వేసి ఉంటుంది, ఇంకోటి తడిసి జారుతుంది. రెండు దారులూ ఒకేలా ఉంటే ఆటగాళ్లు చేసేది ఎంపిక కాదు, బొమ్మా బొరుసూ. 1970ల చివర్లో జెన్నెల్ జాక్వేస్ రూపొందించిన డంజియన్ల గురించి గేమ్ మాస్టర్లు ఈనాటికీ మాట్లాడుకుంటున్నారంటే కారణం ఇదే: లోపలికి ఒకటికి మించిన ద్వారాలు, అంతస్తుల మధ్య ఒకటికి మించిన మెట్లు, తిరిగి తిరిగి కలిసే దారులు.

ద్వారాల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. టంకశాలకు మూడున్నాయి: ముఖద్వారం, కాలువ, కొలిమి పొగగొట్టం. గొట్టం లోతు 60 అడుగులు పెట్టాం. కారణం, ఆటలో మామూలు తాడు పొడవు 50 అడుగులు. ముడికి పోయే తాడును వదిలేసినా కింద పదడుగులు మిగులుతుంది. పడితే పదడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున దెబ్బ. తాళ్లు రెండు కలపాలా, దూకాలా, ఇంకో ద్వారం వెతకాలా అని బృందం చర్చించుకుంటుంది. ఒక్క అంకెను ఆలోచించి వేస్తే వచ్చే ఫలితమిది.

రహస్య తలుపు విషయంలో ఒక్క నియమం మాత్రం తప్పకండి: కథ ముందుకు సాగడానికి తప్పనిసరైన దారిని దాని వెనక పెట్టకండి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1981 నాటి బేసిక్ నియమాల్లో వెతికిన పాత్రకు రహస్య తలుపు దొరికే అవకాశం ఆరింట ఒకటి, ఎల్ఫ్ జాతి పాత్ర అయితే ఆరింట రెండు. ఒక్క పాచిక తిరగబడితే మూడు వారాల ఆట ఆగిపోకూడదు. టంకశాలలో తనిఖీ గదికి ఖజానా గుండా కూడా వెళ్లొచ్చు. రహస్య దారి దొరికితే అది బహుమతి, దొరక్కపోతే నష్టం లేదు. ఒక్కో రహస్యానికి వేర్వేరు చోట్ల మూడు ఆనవాళ్లు ఉంచండి. మా దానికి: తూనికల గది నేల మీద వంపుగా అరిగిన గీత, గోడ దగ్గర కాగడా మంట ఒకవైపు వాలడం, లెక్కల గది పుస్తకంలో "తనిఖీ రోజున ఎడమ పళ్లెంలో పెద్ద గుండు" అన్న పద్దు. ఆ గుండు పెడితే తలుపు తెరుచుకుంటుంది.

మూడో అడుగు: ఏ గదిలో ఏముంది

అన్ని గదుల్లోనూ పోరాటం పెట్టకండి. అదే 1981 నియమాల్లో గదులు నింపడానికి ఆరు ముఖాల పాచిక పద్ధతి ఒకటుంది: 1, 2 పడితే జీవి, 3 పడితే ఉచ్చు, 4 పడితే ప్రత్యేకం, 5, 6 పడితే ఖాళీ. పన్నెండు గదులకు సగటున నాలుగు, రెండు, రెండు, నాలుగు. పాచిక వేయకపోయినా ఈ నిష్పత్తి గుర్తుంచుకోండి, ఎన్నో ఏళ్లుగా ఆటలో నిగ్గుతేలిన నిష్పత్తి అది. టంకశాలలో జీవులు 2, 4, 7, 9లో. ఉచ్చులు 10, 11లో. ప్రత్యేకం 3లోని త్రాసు, 6లోని ముద్రాయంత్రం. ఖాళీ 1, 5, 8, 12.

ఖాళీ గది అంటే ఏమీ లేని గది అని కాదు. అక్కడ ప్రమాదం లేదు, అంతే. దెబ్బలు తిన్న బృందం తలుపుకు అడ్డం పెట్టుకుని ఊపిరి పీల్చుకునేది అక్కడే. పక్క గదిలో ఏముందో ముందుగా తెలిసేది కూడా అక్కడే: బొగ్గు కొట్టులో గోడ వేడిగా తగిలిందంటే అవతల కొలిమి ఆరలేదని అర్థం. మొదటిసారి డంజియన్ రాసేవాళ్లు ఖాళీ గదులను కొట్టేస్తుంటారు. దాంతో ఆటగాళ్లకు ఆలోచించే తీరిక దొరకదు, ప్రతి తలుపూ కత్తి దూసి తెరవాల్సిందే అవుతుంది.

ఉచ్చుకు మూడు సంగతులు రాసుకోండి: ముందుగా కనిపించే గుర్తు, అది పనిచేసే తీరు, దాన్ని తప్పించుకునే కనీసం రెండు మార్గాలు. గుర్తు లేని ఉచ్చు ఆటగాళ్లకు పన్నులాంటిది. రెండుసార్లు అలా జరిగితే వాళ్లు ప్రతి రాయినీ కర్రతో పొడుస్తూ నడుస్తారు, గంటలో ఒక నడవా కూడా దాటరు.

నిధికి బరువుందని మరవకండి. ఐదో ఎడిషన్‌లో 50 నాణేలు ఒక పౌండు. ఖజానాలో పదివేల రాగి నాణేలు పెడితే 200 పౌండ్లు. బలం 10 ఉన్న పాత్ర మోయగలిగేది మొత్తం 150. వాటి విలువేమో 100 బంగారు నాణేలే. మోసుకుపోవాలా వద్దా అని వాళ్లు తలలు పట్టుకునే సమయంలో పక్క గదిలో రాజముద్ర అచ్చులు రెండు, అరచేతిలో పట్టేంతవి, కనిపిస్తే? ఎవరికి అమ్మితే ఎంత వస్తుందో, అమ్మితే ఎవరు వెంటపడతారో అన్న ప్రశ్నతో తర్వాతి కథ మొదలవుతుంది.

నాలుగో అడుగు: ఇప్పుడు గ్రాఫ్ పేపర్

ఐదు మిల్లీమీటర్ల గళ్లున్న ఏ4 కాగితం చాలు. అంచులు వదిలితే అడ్డం 38, నిలువు 54 గళ్లు దొరుకుతాయి. గడికి 5 అడుగుల చొప్పున 190 అడుగులు, 270 అడుగులు. పన్నెండు గదులకు కావలసినంత చోటు. పాత మ్యాపుల్లో గడికి 10 అడుగులు మామూలు. అలాంటిది వాడుకుంటే కొలత ముందే చూసుకోండి, లేకపోతే మీ నడవా రెట్టింపు వెడల్పు అవుతుంది. కొలత, ఉత్తర దిక్కు బాణం కాగితం మూలన మొదటే వేయండి.

పెద్ద గదులు ముందు గీయండి, చిన్నవి వాటి చుట్టూ సర్దండి. పోరాటం జరిగే గదికి వైశాల్యం లెక్క వేసుకోవాలి. 20 అడుగుల చదరపు గదిలో 16 గళ్లే ఉంటాయి. నలుగురు ఆటగాళ్లు, నలుగురు శత్రువులు చేరితే సగం నిండిపోయి ఎవరూ కదలలేరు. పైగా ఫైర్‌బాల్ అనే మంటల మంత్రం వ్యాసార్థం 20 అడుగులు కాబట్టి ఆ గదిలో మధ్యన పడితే ఏ మూలా మిగలదు. కొలిమికి మేం 40 అడుగులు, 50 అడుగులు ఇచ్చాం: 80 గళ్లు. అందులో మధ్యన కొలిమి గుంత, రెండు స్తంభాలు, తిరగబడిన బొగ్గు బండి. దాక్కోవడానికి, చుట్టూ తిరగడానికి వస్తువులు లేని పెద్ద గది చిన్న గది కంటే చప్పగా ఉంటుంది.

నడవా ఒక గడి వెడల్పుంటే అందరూ వరుసగా నడవాలి, ముందున్న ఒక్కరే పోరాడతారు. రెండు గళ్లుంటే ఇద్దరు పక్కపక్కన నిలబడతారు. ఎక్కడ ఇరుకు, ఎక్కడ వెడల్పు అన్నది తెలిసే నిర్ణయించండి. 9–6 దారిని మేం ఒక గడికి తగ్గించాం. పెద్ద జీవులు 10 అడుగుల చదరం ఆక్రమిస్తాయి. వాటి గూటికి ఐదడుగుల తలుపే పెడితే అవి నక్కి నక్కి దాటాలి, ఆ స్థితిలో వాటి దాడులు తడబడతాయి. ఆటగాళ్లు పట్టుకోవాల్సిన అవకాశం అది. కానీ అంత పెద్ద జీవి లోపలికి ఎలా వచ్చిందో మీ దగ్గర జవాబుండాలి.

పక్కపక్క గదుల మధ్య కనీసం ఒక గడి రాయి వదలండి. రహస్య గది ఉన్నచోట మాత్రమే పెద్ద ఖాళీ వదిలితే మ్యాప్ గీసుకునే ఆటగాడు ఇట్టే పట్టేస్తాడు. పట్టుకోవడం మంచిదే, అది అతని తెలివి; అయితే అలాంటి ఖాళీలు ఇంకో రెండు చోట్ల కూడా ఉంటే అతను వెతికి తీరాలి.

మెట్ల దగ్గర ఎక్కువమంది పొరబడతారు. పదడుగులు దిగాలంటే మామూలు వాలుకు మెట్లు సుమారు 15 అడుగులు, అంటే మూడు గళ్లు తీసుకుంటాయి. రెండు గళ్ల మెట్లు గీసి 30 అడుగులు దిగాయని రాస్తే కింది అంతస్తు గదులు పై గదులతో కలవవు. కింది అంతస్తును పై కాగితం మీద పరిచి, కిటికీ అద్దానికి ఆనించి, మెట్లు, గోతులు, గొట్టాలు ఒకే గడి మీద పడుతున్నాయో లేదో చూడండి. మెట్ల గీతలు సన్నబడే వైపు దిగినట్టు వేయడం వాడుకలో ఉంది, కానీ పక్కన "దిగు" అని బాణం వేస్తే ఆట మధ్యలో తికమక ఉండదు.

గుర్తులు కొన్నే చాలు: తలుపుకు గోడ మీద చిన్న దీర్ఘచతురస్రం, రహస్య తలుపుకు "ర", ఉచ్చుకు "ఉ", స్తంభానికి నల్లచుక్క, నీటికి అలల గీత. అన్నీ పెన్సిల్‌తో గీసి, ఒకసారి పరీక్షించాకే ఇంకు పెట్టండి. గోడలకు 0.8 మిల్లీమీటర్ల పెన్, లోపలి సామానుకు 0.3. గోడ బయటి అంచు వెంట మూడేసి పొట్టి గీతలను ఒక్కో గుంపు ఒక్కో వాలులో వేస్తూ పోతే రాయి ఏది, నడిచే చోటు ఏది అని దూరం నుంచే తెలుస్తుంది. ఈ పని మెల్లగా సాగుతుంది, తొందర పడితే గీతలన్నీ ఒకే వాలులోకి వచ్చేస్తాయి.

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు గడికి 70 పిక్సెళ్లు తక్కువ కాకుండా బొమ్మ తయారు చేయండి. 40 గళ్లు, 30 గళ్ల మ్యాప్ అయితే 2800, 2100 పిక్సెళ్లు. దగ్గరికి జరిపి చూసేవాళ్లుంటే దాన్ని రెట్టింపు చేయండి. ఆటగాళ్లకు ఇచ్చే ప్రతిలో "ర", "ఉ", గది సంఖ్యలు ఉండకూడదు. కాబట్టి ఆ గుర్తులను మొదటి నుంచీ వేరే పొరలో ఉంచండి.

ఐదో అడుగు: గది వివరాలు

ఆట మధ్యలో చూసి చదవాల్సింది మీరే, అది కూడా ఐదుగురు మాట్లాడుతుండగా. పొడవైన పేరాలు అక్కడ పనికిరావు. తలుపు తెరవగానే తెలిసేది ముందు, దగ్గరికి వెళితే తెలిసేది తర్వాత, దాగి ఉన్నది చివర. ఇలా:

3. తూనికల గది (30 అడుగులు, 30 అడుగులు, ఎత్తు 15)
కనిపించేది: మనిషంత ఎత్తు ఇత్తడి త్రాసు. నేల నిండా లోహపు రజను. తూర్పు నుంచి వేడిగాలి.
దగ్గరికి వెళితే: త్రాసుకు దుమ్ము లేదు. పడమటి గోడ ముందు నేల వంపుగా అరిగింది.
దాగినది: పడమట రహస్య తలుపు. వెతికితే కష్టం 15 (పాచికతో చేరాల్సిన అంకె). ఎడమ పళ్లెంలో పెద్ద గుండు పెడితే దానంతట అదే తెరుచుకుంటుంది. గుండు 9లో, గాబ్లిన్లు తలుపుకు అడ్డం పెట్టుకున్నాయి.
వినిపిస్తే: త్రాసు మోగితే 2, 4, 9లో వినిపిస్తుంది.

ఆ చివరి వరుస రాసేవాళ్లు తక్కువ, కానీ గదులన్నిటినీ ఒక్క కట్టడంగా కలిపేది అదే. చప్పుడైతే ఎవరు వస్తారు, ఎంతసేపట్లో వస్తారు? గాబ్లిన్ రౌండుకు, అంటే పోరాటంలో అందరికీ ఒక్కో వంతు వచ్చేలోపు, 30 అడుగులు నడుస్తుంది, పరిగెడితే 60. పడక గది నుంచి తూనికల గదికి 90 అడుగులు కాబట్టి రెండో రౌండులో చేరిపోతుంది. ఈ అంకెను మ్యాప్ మీదే గీత పక్కన చిన్నగా రాసుకోండి, ఆట మధ్యలో గళ్లు లెక్కపెట్టే పని తప్పుతుంది.

వెలుగు కూడా వివరాల్లో భాగమే. కాగడా 20 అడుగుల వరకు బాగా, ఆపై 20 అడుగులు మసకగా వెలుగునిస్తుంది, గంటసేపు మండుతుంది. 60 అడుగుల హాలు గుమ్మంలో నిలబడినవాడికి అవతలి గోడ కనిపించదు. మీరు దాన్ని వర్ణించేస్తే చీకటి వృథా అయినట్టే. చీకటిచూపు ఉన్న పాత్రకు కూడా సాధారణంగా 60 అడుగుల తర్వాత ఏమీ కనిపించదు, ఆ దూరం లోపల కూడా అంతా మసకే.

ఆరో అడుగు: వేలితో నడిచి చూడండి

ముఖద్వారం మీద వేలు పెట్టండి. మీ బృందంలో అందరికంటే జాగ్రత్తగా ఆడేవాళ్లు ఏ దారి పడతారో అలా నడపండి. తర్వాత దూకుడుగా ఆడేవాళ్ల దారి. రెండు దారులూ మొదటి ఆరు గదుల్లో ఒకటే అయితే చుట్టుదారి లోపలి దాకా జరిగిపోయిందని అర్థం. ద్వారం దగ్గరికి తెచ్చుకోండి. టంకశాలలో రెండో గది దగ్గరే 3, 9 అని దారి చీలడం అందుకే.

తర్వాత కాలం లెక్క. పాత నియమాల్లో పది నిమిషాలు ఒక టర్న్, రెండు టర్న్‌లకొకసారి ఆరు ముఖాల పాచిక వేస్తారు, 1 పడితే తిరుగుతున్న జీవి ఎదురవుతుంది. కాగడా ఆరు టర్న్‌లు. అంటే ఒక్క కాగడా ఆరేలోపు మూడుసార్లు పాచిక పడుతుంది. ఐదో ఎడిషన్ ఆడుతున్నా ఈ గడియారాన్ని తెచ్చుకోవచ్చు. ప్రతి గదినీ అంగుళం అంగుళం వెతికితే ఏదో ఒక మూల్యం ఉందని ఆటగాళ్లకు తెలియాలి. తిరిగే జీవుల పట్టికలో ఆరు వరుసలు చాలు. అందులో రెండైనా మీ గదుల్లో ఉన్న గాబ్లిన్లే కావాలి, అవి చస్తే ఆ గది నుంచి తగ్గించాలి.

ఆటగాళ్లు మ్యాప్ గీసుకుంటుంటే కొలతలను ఎప్పుడూ ఒకే వరుసలో చెప్పండి: గది పొడవు, వెడల్పు, తర్వాత మీరు వచ్చిన తలుపు నుంచి ఎడమ చేతి వైపుగా మిగతా తలుపులు. వాళ్ల గీత ఒక గడి అటూ ఇటూ అయితే సరిదిద్దేయండి, దాని మీద సమయం పోనివ్వకండి. పెట్టెలు, గీతలతో సరిపెట్టుకుంటామంటే అదీ మంచిదే.

సెషన్ ముగిశాక, బల్ల సర్దేలోపే, తెరిచిన తలుపులు, చచ్చిన జీవులు, వాడేసిన ఉచ్చులు పెన్సిల్‌తో మ్యాప్ మీద గుర్తు పెట్టండి. బతికిన గాబ్లిన్లు రాత్రికి రాత్రి ఏం చేస్తాయో రెండు వరుసలు రాయండి: విరిగిన తలుపు దగ్గర బొగ్గు బండి అడ్డం పెడతాయా, కాలువ వైపు పారిపోతాయా, బొగ్గు కొట్టు తలుపు లోపలి నుంచి గడియ వేస్తాయా. తర్వాతి సెషన్‌లో బృందం అడుగుపెట్టేది ఆ మారిన మ్యాప్‌లోకే.